ఉద్యోగం కావలసిన పిల్లులు

పాలాయన కొట్టంలో పదకొండు ఆవులు, నాలుగు దూడలు, ఎవరూ లెక్కపెట్టలేనన్ని ఎలుకలు ఉండేవి. ఆవుల్ని పాలాయన మేపేవాడు. ఎలుకల్ని కూడా తనే మేపుతున్నాడని ఆయనకు కాస్త ఆలస్యంగా తెలిసింది.

మొదట్లో ఆయన పెద్దగా పట్టించుకోలేదు. కొట్టం అన్నాక ఎలుక ఉండదా అనుకున్నాడు. దాణా బస్తా భుజానికెత్తితే అడుగునుంచి సన్నగా ధార కట్టి కారిపోయేది. బస్తాకి కుట్టు వేసేవాడు. అటక మీద పేర్చిన గడ్డిమోపుల్లో ఏది లాగినా లోపల ఒక సంసారం బయటపడేది. తల్లి, పిల్లలు, చింపిరి గుడ్డల పరుపు. ఆ గుడ్డల్లో ఒకటి తన కొత్త బనియనని గుర్తుపట్టి కూడా పాలాయన ఊరుకున్నాడు. కానీ ఒకనాటి ఉదయం పాలు పితికే మిషను మీట నొక్కితే అది ఉలకలేదు, పలకలేదు. వెనక్కి తిప్పి చూస్తే వైరు మీద తొడుగు జానెడు మేర మాయమై ఉంది. రబ్బరు గొట్టం పళ్లగాట్లతో జల్లెడలా ఉంది. ఆ పూట పదకొండు ఆవుల్నీ మొగుడూ పెళ్లాం ఇద్దరూ కూర్చుని చేత్తో పితికారు. పని ముగిసేసరికి పాలాయన వేళ్లు ముడుచుకోమంటే ముడుచుకోమని మొరాయించాయి. ఆయన కాఫీ గ్లాసుని రెండు అరచేతుల మధ్య పట్టుకుని తాగుతుంటే భార్య చూసి, "ఇంకా ఎన్నాళ్లు మేపుతారండీ వాటిని, ఇల్లరికపు అల్లుళ్లలాగా?" అంది.

ఆమెకు ఒక తమ్ముడున్నాడు. వీధి మలుపులో మోటార్లు బాగుచేసే కొట్టు అతనిది. అందరూ ఇంజనీరు అని పిలుస్తారు. ఏ తరగతి వరకు చదివాడో ఎవరికీ చెప్పలేదు గాని, విప్పిన యంత్రాన్ని మళ్లీ బిగించేటప్పుడు అతని దగ్గర తప్పకుండా నాలుగు మరలు మిగిలిపోయేవి. అవి కంపెనీవాళ్లు అనవసరంగా పెట్టినవని చెప్పేవాడు. మిషను వైరు మార్చడానికి వచ్చినవాడు ఎలుకల సంగతి విని చొక్కా చేతులు పైకి మడిచాడు.

"బావా, ఇది నాకొదిలెయ్. వారంలో నీ కొట్టంలో ఎలుకన్నది కనిపిస్తే నా పేరు మార్చుకుంటా."

మొదట నీళ్ల బకెట్టు మీద తిరిగే రేకుడబ్బా ఒకటి అమర్చాడు. ఎలుక దానిమీద ఎక్కగానే డబ్బా గిర్రున తిరిగి ఎలుక నీళ్లలో పడాలి. రెండు రోజుల్లో అందులో పడింది పాలాయన చెప్పు ఒక్కటే. తర్వాత ఒక పెట్టె తెచ్చి దూలానికి తగిలించాడు. దాంట్లోంచి వచ్చే శబ్దం మనుషులకు వినపడదనీ, ఎలుకలకు మాత్రం చెవులు చిల్లులు పడతాయనీ అన్నాడు. ఆ శబ్దం ఆవులకు వినపడింది. మూడు ఆవులు పాలివ్వకుండా మొండికేశాయి, ఒక దూడ కట్టు తెంపుకుని పోయి పక్కవాళ్ల బట్టలారేసిన తీగలో చిక్కుకుంది. నాలుగోరోజు పెట్టె మూత తీస్తే లోపల వెచ్చగా ఉన్నట్టుంది, ఒక ఎలుక ప్రసవించి పడుకుంది.

"దీన్నిబట్టి మనకేం తెలుస్తోంది బావా?" అన్నాడు ఇంజనీరు ఆలోచనగా.

"నీ పేరు మార్చాలని తెలుస్తోంది," అన్నాడు పాలాయన.

ఇంతలో పాలకేంద్రం ఇన్‌స్పెక్టరు వచ్చాడు. సన్నగా, తెల్లగా, ఇస్త్రీ మడత నలగకుండా తిరిగే మనిషి. జేబులో రెండు పెన్నులు, ముక్కు దగ్గర ఎప్పుడూ ఒక రుమాలు. కొట్టం నడిమధ్య నిలబడి రిజిస్టరు తెరిచి 'శుభ్రత' అన్నచోట ఏదో రాయబోతుండగా, పైన దూలం మీదినుంచి బాగా బలిసిన ఎలుక ఒకటి సరిగ్గా ఆ పేజీ మీద పడింది. పడి, ఆయన ముఖంలోకి ఒకసారి చూసి, చొక్కా మీదుగా దిగి వెళ్లిపోయింది. ఇన్‌స్పెక్టరు అరవలేదు. అరిచినా బాగుండేదని పాలాయన తర్వాత చాలాసార్లు అనుకున్నాడు. ఆయన చాలా నెమ్మదిగా రుమాలు మడిచి జేబులో పెట్టుకుని, "నెల రోజులు," అన్నాడు. "నెల తర్వాత వస్తాను. అప్పుడు ఒక్క ఎలుక కంటపడినా సరే, మీ పాలు మా కేంద్రంలో అడుగుపెట్టవు. మందు గిందు పెట్టారంటే అసలుకే ఒప్పుకోం. ఆవులు తినే చోటు."

జీపు వెళ్లిపోయాక పాలాయన అలాగే గుమ్మంలో నిలబడిపోయాడు. భార్య వచ్చి పక్కన నిలబడింది.

"పిల్లుల్ని తెద్దామండీ," అంది.

"పిల్లులా? పిల్లులు పాలు తాగుతాయే!"

"ఎలుకలు దాణా తిన్నాయి, వైర్లు తిన్నాయి, మీ బనియన్లు తిన్నాయి. ఇక తినడానికి మనమే మిగిలాం. పిల్లి గిన్నెడు పాలు తాగితే తాగనివ్వండి. ఊరవతల పెద్దటీచరుగారు దిక్కులేని పిల్లుల్ని చేరదీసి, అడిగినవాళ్లకి ఇస్తున్నారట. రేపు వెళ్లిరండి."

"నేనా?"

"మరి ఎవరు? ఆవుల్ని పంపిస్తామా?"

ఇక్కడ పాలాయన గురించి ఒక మాట చెప్పాలి. ఆయన ఆరడుగుల పైచిలుకు మనిషి. కట్టు తెంచుకుని రంకెలేసే ఆబోతుకి ఎదురెళ్లి ముక్కుతాడు పట్టుకోగలడు. ఈనలేక అవస్థపడే ఆవు పక్కన పూటంతా మోకాళ్ల మీద కూర్చోగలడు. కానీ పిల్లిని చూస్తే ఆయన పై ప్రాణాలు పైనే పోతాయి. దారిలో పిల్లి కనిపిస్తే ఏదో మర్చిపోయినట్టు తల కొట్టుకుని వెనక్కి తిరిగి పోవడం ఆయనకు అలవాటు. పెళ్లై ఇరవై రెండేళ్లయినా ఈ సంగతి భార్యకు తెలియకుండా నెట్టుకొచ్చాడు. ఆమె మాత్రం తన మొగుడికి మతిమరుపని అందరికీ చెబుతుండేది.

ఏవో పనులు చెప్పి నాలుగు రోజులు వాయిదా వేశాడు. ఐదోరోజు భార్యే వ్యాను తాళాలు చేతిలో పెట్టి గేటు తీసి నిలబడింది.

పెద్దటీచరు హెడ్‌మిస్ట్రెస్సుగా రిటైరైన మనిషి. బడి వదిలినా బడి ఆవిడని వదల్లేదు. ముందుగదిలో బల్ల, బల్ల మీద హాజరుపట్టీలాంటి పుస్తకం, దాని పక్కన ఎర్ర పెన్ను. "కూర్చోండి," అంది.

పాలాయన చూశాడు. ఒక కుర్చీలో ఒక పిల్లి ఉంది. ఇంకో కుర్చీలో రెండున్నాయి. "పర్లేదండీ, నిలబడతాను," అన్నాడు.

"పిల్లి ఎందుకు కావాలి?"

"కొట్టంలో ఎలుకలండీ."

"బోను పెట్టుకోవచ్చుగా?"

"మా బామ్మర్ది చేశాడండీ."

"పని చెయ్యలేదా?"

"మా బామ్మర్ది చేశాడండీ," అన్నాడు పాలాయన మళ్లీ.

ఆవిడ అర్థమైనట్టు తలూపి రాసుకుంది. "కుక్క ఉందా? వ్యాను ఎంత వేగంతో వెనక్కి తీస్తారు? మీ ఆవిడకి ఇష్టమేనా?" అని వరసగా అడిగింది. అన్నిటికీ జవాబు చెప్పాడు. "ఇంతకుముందు పిల్లిని పెంచారా?" అంది.

"లేదండీ."

"ఎందుకని?"

పాలాయన గోడ మీది క్యాలెండరు వైపు చూశాడు. "తీరిక లేకండీ."

"పిల్లిని పెంచడానికి మీకు తీరికెందుకు? తీరిక దానికే బోలెడంత ఉంటుంది."

ఆ మాటల మధ్యలో కుర్చీలోని పిల్లి ఒకటి దిగి, ఒళ్లు విరుచుకుని, ఆయన వైపు నడిచింది. పాలాయన మర్యాదగా ఒకడుగు వెనక్కి వేశాడు. అది ఇంకో రెండడుగులు వేసింది. ఆయన ఇంకో నాలుగు వేశాడు. వీపు గోడకి తగిలి, గోడకున్న క్యాలెండరు, దాని మేకు, దానికి తగిలించిన గొడుగు కలిసి కింద పడ్డాయి.

"మీకు పిల్లులంటే భయం," అంది పెద్దటీచరు, పుస్తకంలోంచి తలెత్తకుండానే.

"భయమా! నాకా! అమ్మా, రంకెలేసే ఆబోతుని ఒంటిచేత్తో..."

"నేను ఆబోతు గురించి అడగలేదు."

పాలాయన కిందపడ్డ గొడుగు తీసి జాగ్రత్తగా మడిచాడు. "కొంచెం," అన్నాడు.

"ఎంత కొంచెం?"

"కొంచెం ఎక్కువ కొంచెమండీ."

ఆవిడ ఎర్ర పెన్నుతో ఏదో రాసి పుస్తకం మూసేసింది. పాలాయనకు లోలోపల హాయిగా అనిపించింది. ఇవ్వనని చెబుతుంది, ఇంటికెళ్లి అదే మాట భార్యకి చెప్పొచ్చు అనుకున్నాడు. "ఇస్తాను," అంది ఆవిడ. "భయపడేవాళ్లు దూరం పాటిస్తారు. నా దగ్గర కొన్ని పిల్లులున్నాయి, వాటికి కావలసింది అదే. రండి."

పెరట్లో జాలీ తలుపు వెనక మూడు పిల్లులు కూర్చుని ఉన్నాయి. ఒకటి కాటుక ముద్దలా నల్లగా ఉంది. ఒకటి చారలది. మూడోది మగది, తల చిన్న కొబ్బరికాయంత ఉంది, ఎడమ చెవి సగమే ఉంది. అది పాలాయనని కిందినుంచి పైకి ఒకసారి చూసింది. ఆయనకు చిన్నప్పుడు లెక్కల మాస్టారు గుర్తొచ్చాడు.

"ఇవి ఒళ్లో కూర్చునే రకం కాదు," అంది పెద్దటీచరు. "రోడ్ల మీద పెరిగాయి. ఎవరింట్లోనూ ఇమడవు. వీటికి ఇల్లు కాదు, ఉద్యోగం కావాలి."

"ఒక్కటి చాలండీ," అన్నాడు పాలాయన, ఒంటిచెవిదాని వైపు చూడకుండా.

"ఒక్కదాన్ని ఇవ్వను. ఒంటరిగా ఉంటే బెంగపెట్టుకుని పారిపోతుంది. ముగ్గురూ వస్తారు, లేకపోతే ఎవరూ రారు. ఆపరేషన్లు అయిపోయాయి, సంతానం పెరుగుతుందన్న దిగులు అక్కర్లేదు. ఇప్పుడు జాగ్రత్తగా వినండి. మూడు వారాలు ఒక గదిలో మూసిపెట్టాలి. అప్పుడే అది తమ చోటని వాటికి తెలుస్తుంది. ఉదయం, సాయంత్రం తిండి పెట్టాలి. పెట్టేది ఒక్కరే అయ్యుండాలి. పెట్టి వచ్చెయ్యడం కాదు, అరగంట అక్కడే కూర్చుని మాట్లాడాలి."

"మా ఆవిడ కూర్చుంటుందండీ."

"మీరు కూర్చుంటారు," అంది పెద్దటీచరు. "కొట్టంలో రోజూ తిరిగేది మీరు. మీ గొంతు వాటికి అలవాటవ్వాలి."

"పిల్లులతో ఏం మాట్లాడతామండీ?"

"మాటలు దొరక్కపోతే పేపరు చదవండి."

మూడు బోన్లు వ్యానులో పెట్టుకుని పాలాయన ఇంటికొచ్చాడు. అద్దంలో చూసిన ప్రతిసారీ ఒంటిచెవిది ఆయన మెడ వెనక భాగాన్నే చూస్తోంది. దారి పొడవునా ఆయన చొక్కా కాలరు పైకి లాక్కుంటూనే ఉన్నాడు.

కొట్టం చివర దాణా గది ఉంది. బస్తాలు బయటికి చేర్చి, కిటికీకి జాలీ కొట్టి, గోనెసంచులు పరిచి, ఇసుక తట్ట పెట్టి పిల్లుల్ని అందులో వదిలారు. మొదటిరోజు సాయంత్రం పాలాయన గుమ్మం బయట నిలబడి, గడ్డి ఎత్తే పొడుగు కర్రతో చేపముక్కల పళ్లేన్ని అంగుళం అంగుళం లోపలికి తోశాడు. భార్య చూసి, "ఏవండీ, పెడుతున్నది పిల్లులకా, పులులకా?" అంది.

"పద్ధతంటే పద్ధతే. పెద్దటీచరు చెప్పింది," అన్నాడు ముఖం గంభీరంగా పెట్టి.

రెండోరోజు లోపలికి వెళ్లక తప్పలేదు. బకెట్టు బోర్లించి, తలుపుకి వీపు ఆనించి కూర్చున్నాడు. ఎడం చేతిలో చేటని డాలులా అడ్డం పెట్టుకున్నాడు. కుడిచేతిలో పేపరు. పిల్లులు మూడూ గోనెసంచుల వెనక దాక్కున్నాయి, ఆరు కళ్లు మాత్రం కనిపిస్తున్నాయి. ఎవరు ఎవరికి ఎక్కువ భయపడుతున్నారో చెప్పడం కష్టంగా ఉంది.

"వాతావరణం," అని మొదలుపెట్టాడు పాలాయన. గొంతు పీలగా వచ్చింది. సవరించుకున్నాడు. "రాగల రెండు రోజుల్లో ఆకాశం మేఘావృతమై, అక్కడక్కడ చిరుజల్లులు..."

అలా రోజులు గడిచాయి. ఆయన వాతావరణం చదివాడు, ధరవరలు చదివాడు, బస్సుల వేళలు మారిన వార్త చదివాడు. పెళ్లి ప్రకటనల దగ్గరికి వచ్చేసరికి నల్లది సంచి వెనకనుంచి బయటికొచ్చింది. 'అమ్మాయి పొడగరి, నెమ్మదస్తురాలు, ఇంటిపనుల్లో నేర్పరి' అని చదువుతుంటే ఒంటిచెవిది కూడా వచ్చి కూర్చుని చెవి నిక్కించింది. "నీకెందుకయ్యా, నీకు ఆపరేషనైంది," అన్నాడు పాలాయన. అన్నాక తనే అదిరిపడ్డాడు. పిల్లితో హాస్యమాడాడు! చేట ఎప్పుడు కింద పెట్టాడో కూడా ఆయనకు గుర్తులేదు.

పాలకొచ్చేవాళ్లకు మాత్రం ఈ వ్యవహారం అంతుపట్టలేదు. మూసిన తలుపు వెనకనుంచి పాలాయన గొంతు, ఉదయం అరగంట, సాయంత్రం అరగంట, వార్తలు చదువుతోంది. టైలరు ఒకడు పాలాయన భార్యని పక్కకి పిలిచి, "వదినా, అన్నకి ఒంట్లో బాగుంటోందా?" అని అడిగాడు. "ఎలుకల కోసమండీ," అంది ఆమె. ఆ జవాబుతో టైలరు అనుమానం తీరకపోగా బలపడింది.

రెండో వారంలో ఒకరోజు పేపరు రాలేదు. పాలాయన బకెట్టు మీద కూర్చున్నాడు గాని చేతిలో ఏమీ లేదు. పిల్లులు తిండి ముగించి, మూతులు తుడుచుకుని, ఎదురుగా కూర్చుని చూస్తున్నాయి.

"ఇవాళ వార్తల్లేవు," అన్నాడు. అవి కదల్లేదు. "సరే, ఒక సంగతి చెప్తా వినండి. నాకు ఆరేళ్లప్పుడు..." గొంతు తగ్గించాడు. "దాగుడుమూతలాడుతూ మా తాత గదిలో పెద్ద గంప ఉంటే దాంట్లోకి దూరి మూత వేసుకున్నా. ఆ గంపలో మీవాళ్లావిడ ఒకావిడ పిల్లల్ని పెట్టుకుని ఉంది. నాకేం తెలుసు? చీకటి. మూత బిగుసుకుపోయింది. ఆవిడ తన పిల్లల కోసం నన్ను గీరింది, నేను నా ప్రాణం కోసం కేకలేశా. మూత తీసేసరికి ఇదిగో, ఈ కనుబొమ్మ ఇలా చీలిపోయింది. ఆవిడ తప్పేం లేదనుకో. కానీ అప్పట్నుంచి మీరంటే నాకు..."

చారల పిల్లి 'మ్యావ్' అంది. మూడు పిల్లుల్లో ఏదైనా నోరు విప్పడం అదే మొదటిసారి. పాలాయన కళ్లు ఎందుకో చెమ్మగిల్లాయి. తుడుచుకుని, తలుపు తీసి బయటికొచ్చేసరికి, తలుపు పక్కనే భార్య దాణా జల్లిస్తూ కూర్చుని ఉంది. జల్లెడలో దాణా ఎప్పుడో అయిపోయినట్టుంది, ఒట్టి జల్లెడ ఆడిస్తోంది.

"ఆ కనుబొమ్మకి ఆబోతు కొమ్ము తగిలిందన్నారుగా, మన పెళ్లైన కొత్తలో?"

పాలాయన తడబడ్డాడు. "అంటే... పిల్లులకి ఏదో ఒకటి చెప్పాలి కదా. కల్పించి చెప్పాను."

"ఓహో," అంది ఆమె. నవ్వు ఆపుకోవడానికి జల్లెడని ముఖానికి అడ్డం పెట్టుకుంది గాని, అది జల్లెడ కదా, నవ్వంతా బయటికే కనిపించింది. మర్నాటినుంచి ఆయన లోపల కూర్చున్న అరగంటా ఆమె తలుపు బయట ఏదో ఒక పని పెట్టుకుని కూర్చునేది. మధ్యమధ్యలో "ఉన్నా," అనేది. ఆయన "సరే," అనేవాడు.

మూడు వారాలు నిండాయి. ఇన్‌స్పెక్టరు రావడానికి ఇంకా మూడు రోజులుంది. పాలాయన, భార్య, ఇంజనీరు ముగ్గురూ నిలబడి ఉండగా దాణా గది తలుపు తెరిచారు. పిల్లులు గుమ్మం దాకా వచ్చాయి. గాలి వాసన చూశాయి. మరుక్షణం మూడూ మూడు వైపులకు ఎగిరి పోయాయి. చూసిన కళ్లకి తోకలు మాత్రమే గుర్తున్నాయి.

ఆ పూట తిండి పెట్టిన పళ్లెం పెట్టినట్టే ఉంది. మర్నాడూ అంతే. పాలాయన అటక ఎక్కి వెతికాడు, గడ్డివాము చుట్టూ తిరిగాడు, మురుగు తూముల్లోకి వంగి చూశాడు. పిల్లి కనిపిస్తే వెనక్కి తిరిగిపోయే మనిషి, పిల్లి కనపడక పక్కవాళ్ల పెరళ్లన్నీ గాలించాడు.

"వదిలెయ్ బావా," అన్నాడు ఇంజనీరు. "ఈపాటికి అవి పక్క ఊళ్లో కాపురం పెట్టుంటాయి. నా దగ్గర కొత్త ఆలోచన ఒకటుంది. ఒక పెద్ద ఫ్యాను..."

"నువ్వు నోరు మూసుకో," అన్నారు అక్కాబావా ఒక్కసారే.

మూడోరోజు ఉదయం పాలాయన పెద్దటీచరుకి ఫోను చేశాడు. గొంతులో ఏడుపొక్కటే తక్కువ. ఆవిడ అంతా విని, "పేపరు చదివారా?" అంది.

"ఇప్పుడు పేపరేంటమ్మా, పిల్లులు పోయి నేనేడుస్తుంటే!"

"గట్టిగా, బయట నిలబడి చదవండి," అని ఫోను పెట్టేసింది.

పాలు పోసే వేళ అది. వాకిట్లో చెంబులు, క్యాన్లు పట్టుకుని పదిమంది దాకా నిలబడి ఉన్నారు. పాలాయన ఒకసారి వాళ్లని చూశాడు, ఒకసారి కొట్టాన్ని చూశాడు. బకెట్టు తెచ్చి వాకిటి మధ్యలో బోర్లించి కూర్చుని, పేపరు తెరిచి, గొంతెత్తి చదవడం మొదలుపెట్టాడు. చెవులు మాత్రం మంకెన పువ్వుల్లా ఎర్రబడ్డాయి.

"వాతావరణం! పొడిగా ఉంటుంది! సాయంత్రానికి గాలి..."

టైలరు పక్కవాడి చెవిలో, "నేను చెప్పలా?" అన్నాడు. ఎవరో కిసుక్కుమన్నారు. పాలాయన ఆగలేదు. ధరవరలు చదివాడు. కరెంటు కోత వేళలు చదివాడు. పెళ్లి ప్రకటనలకి వచ్చాడు. "అబ్బాయి ఒడ్డూ పొడుగూ ఉన్నవాడు, సాధువు, ఎటువంటి దురలవాట్లూ..."

కొట్టం కప్పు మీద పెంకు ఒకటి కదిలింది. అటక కిటికీలోంచి నల్లది తల బయటపెట్టింది. గడ్డివాము వెనకనుంచి చారలది ఒళ్లంతా గడ్డిపరకలతో వచ్చింది. అందరికంటే ఆలస్యంగా, తొందరేం లేనట్టు, ఒంటిచెవిది కొట్టం గుమ్మంలో ప్రత్యక్షమైంది. దాని పొట్ట బిగుతుగా ఉబ్బి ఉంది. పళ్లెంలో తిండి ఎందుకు ముట్టలేదో అప్పుడు అర్థమైంది అందరికీ. రెండు రోజులుగా అవి ఊరికే లేవు, డ్యూటీలో ఉన్నాయి.

నల్లది తిన్నగా వచ్చి పాలాయన పిక్కకి ఒళ్లు రాసింది. పాలాయన బిగుసుకుపోయాడు. కానీ చదవడం మాత్రం ఆపలేదు. "కట్నకానుకలు... అక్కర్లేదు," అని పూర్తిచేశాడు. వాకిట్లోవాళ్లు నవ్వడం మర్చిపోయి చూస్తున్నారు. భార్య కొంగుతో నోరు మూసుకుంది, నవ్వుకో, ఇంకెందుకో.

ఆ మధ్యాహ్నమే ఇన్‌స్పెక్టరు జీపు వచ్చింది. ఆయన రుమాలు అడ్డం పెట్టుకునే లోపలికెళ్లాడు. ఈసారి దూలం కింద నిలబడకుండా, పక్కన నిలబడి పైకి చూశాడు. మూలలు చూశాడు, దాణా బస్తాల అడుగులు చూశాడు, కర్రతో గడ్డిమోపులు కదిపి చూశాడు. ఒక పెంటిక కూడా దొరకలేదు. దొరకనందుకు కొంచెం చిన్నబుచ్చుకున్నట్టు కనిపించాడు. బయటికొచ్చి, జీపు బానెట్టు మీద రిజిస్టరు పరిచి పెన్ను మూత తీశాడు.

సరిగ్గా అప్పుడే ఒంటిచెవిది వచ్చి, ఆయన బూట్ల ముందు ఒక ఎలుకని పడేసింది. ఎలుక చచ్చి ఉంది. పిల్లి కూర్చుని, రసీదు కోసం చూస్తున్నట్టు ఆయన ముఖంలోకి చూసింది.

"ఎలుక," అన్నాడు ఇన్‌స్పెక్టరు.

"చచ్చిందండీ!" అన్నాడు పాలాయన.

"ఒక్క ఎలుక కంటపడినా ఒప్పుకోనన్నాను. కంటపడింది."

"చచ్చిన ఎలుకండీ బాబూ అది!"

"ఫారంలో 'ఎలుక కనిపించినదా' అని ఉంది. 'బతికున్న ఎలుక' అని లేదు." పెన్ను కాగితం మీదికి దిగింది.

పాలాయన ముఖం మాడిపోయింది. అప్పుడు భార్య ముందుకొచ్చింది. "అయ్యా, ఆ పిల్లి ఎక్కణ్నుంచి తెచ్చిందో చూశారా?"

"కొట్టంలోంచే."

"కాదండీ. మీరు లోపలున్నంతసేపూ అది మీ జీపు కిందే పొంచి ఉంది. వెనక తలుపు తెరిచి ఉంటే లోపలికి దూరింది. నేనూ మా తమ్ముడూ ఇక్కడే నిలబడి చూశాం. ఒకసారి మీ పెట్టెలు తీసి చూసుకోండి."

ఇన్‌స్పెక్టరు నమ్మలేదు. వెనక్కి వెళ్లి పాల నమూనాల అట్టపెట్టె పైకెత్తాడు. దాని అడుగు కొరికేసి ఉంది. లోపల చింపిన కాగితాల పరుపు ఉంది. ఆ కాగితాలు పాలకేంద్రంవారి ఫారాలే. ఇంజనీరు వంగి ఒక ముక్క తీసి, వెలుతురులో పెట్టి చదివాడు. "శుభ్రత... బాగున్నది," అన్నాడు. "బావా, ఇది వీళ్ల సొంత రిపోర్టు."

ఎవరూ నవ్వలేదు. నవ్వకుండా ఉండడానికి ఆ ముగ్గురూ పడిన పాట్లు ఆ ఆవులకే తెలుసు. ఇన్‌స్పెక్టరు చెవుల దాకా ఎర్రబడ్డాడు. చాలాసేపు రిజిస్టరు వైపు చూసి, 'లేదు' అని రాసి సంతకం పెట్టాడు. జీపు ఎక్కినవాడు ఇంజను ఆన్ చేసి మళ్లీ ఆపేశాడు. కిటికీలోంచి తల బయటపెట్టి, ఎటో చూస్తూ, "ఈ పిల్లులు... ఎక్కడ దొరికాయి?" అన్నాడు.

పాలాయన పెద్దటీచరు ఇంటికి దారి చెప్పాడు. జీపు కదలబోతుంటే పక్కన నాలుగడుగులు నడిచి, "ఆవిడ అడిగినదానికి నిజమే చెప్పండి సార్," అన్నాడు. "దాచినా లాభం లేదు."

తర్వాత కొట్టంలో ఎలుకలు పూర్తిగా లేకుండా పోయాయని చెప్పలేం గాని, ఉన్నవాటికి పగలు బయటికొచ్చే ధైర్యం లేకుండా పోయింది. నల్లది ఎర్రావు వీపు మీద నిద్రపోవడం నేర్చుకుంది. ఆవు కూడా అది లేకపోతే పాలు చేపడానికి బెట్టు చేసేది. చారలది పాలకొచ్చేవాళ్లని గేటు దగ్గరే నిలబడి ఒక్కొక్కరినీ వాసన చూసి పంపేది. ఒంటిచెవిది మాత్రం ఎవరినీ ముట్టనివ్వలేదు. పాలాయన దానితో ఒక ఒప్పందానికి వచ్చినట్టు మెలిగేవాడు. దాని దారిలో ఆయన నడవడు, ఆయన దారిలో అది పడుకోదు.

ఒకరోజు మధ్యాహ్నం గడ్డి దించి అలసిపోయి, పాలాయన ఆ గడ్డిలోనే వెల్లకిలా పడుకుని ఒక కునుకు తీశాడు. మెలకువ వచ్చేసరికి గుండె మీద బండ పెట్టినట్టుంది. కళ్లు తెరిస్తే బొటనవేలంత దూరంలో సగం చెవి. ఒంటిచెవిది ఆయన ఛాతీ మీద ముడుచుకుని, ముక్కుతో గుర్రుమంటూ నిద్రపోతోంది. పాలాయన ఊపిరి కూడా చిన్నగా తీసుకున్నాడు.

సాయంత్రం పాలు పితికే వేళైంది. ఆవులు అరవడం మొదలుపెట్టాయి. భార్య వచ్చి గుమ్మంలో నిలబడింది. "ఏవండీ, లేవరా?"

"ష్," అన్నాడు పాలాయన పెదవులు కదలకుండా. "నువ్వు పితికెయ్. నేను లేవలేను."

"భయమా?" అంది ఆమె మెల్లగా.

పాలాయన ఆలోచించాడు. కాళ్లు తిమ్మిరెక్కాయి. గుండె దడదడా కొట్టుకుంటోంది. ఆ దడకి పిల్లి పైకీ కిందికీ ఊయలలా ఊగుతోంది, ఊగుతూ ఇంకాస్త గాఢంగా నిద్రపోతోంది.

"ఏమోనే," అన్నాడు. "ముందు దాన్ని పూర్తిగా పడుకోనీ. తర్వాత చూద్దాం."